మత్తు దిగే వేళ, చెవి మీద గింజ

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు నిలిచాయి, రక్తం ఆగింది, ఊపిరి సాఫీగా ఆడుతోంది. మత్తు గ్యాస్ ఆపి పది నిమిషాలయిందో లేదో, అప్పటిదాకా గువ్వలా పడుకున్న నాలుగేళ్ల పిల్లవాడు ఒళ్లు విల్లులా వంచి అరవడం మొదలుపెడతాడు. కళ్లు తెరిచే ఉంటాయి గానీ ఎదురుగా ఉన్న మనిషి మీద నిలవవు. తల్లి దగ్గరికి తీసుకోబోతే ఆమెనే తన్నుతాడు. చేతికున్న సెలైన్ సూది, ముఖం మీది ఆక్సిజన్ మాస్కు, గాయం మీది కట్టు, ఏది చేతికందితే దాన్ని పీకుతాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, బొమ్మ చూపిస్తే చూడడు. అరగంటకో, ముప్పావు గంటకో అలసి నిద్రలోకి జారుకుంటాడు. మళ్లీ లేచేసరికి మామూలు పిల్లవాడు. నీళ్లు అడుగుతాడు, అమ్మ కొంగు పట్టుకుంటాడు. ఆ అరగంట వాడికి గుర్తుండదు. తల్లికి మాత్రం గుర్తుంటుంది. మత్తు ఎక్కువైందేమో, మెదడుకు ఏమైనా అయిందేమో అన్న భయం ఇంటికి వెళ్లాక కూడా ఆమెను వదలదు. వైద్యశాస్త్రం చాలాకాలంగా ఎరిగిన ఈ స్థితిని ఈ అధ్యాయంలో మెలకువ కలవరం అని పిలుచుకుందాం. చెవి మీద ఆవగింజ కంటే కాస్త పెద్దదైన ఒక గింజను అంటించి నొక్కితే ఈ కలవరం తగ్గుతుందన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ గింజ నమ్మదగ్గ స్థితికి ఇంకా రాలేదు, కానీ పరీక్షించదగ్గ స్థితికి వచ్చింది. ఆ పరీక్ష జరగాల్సిన చోటు ఆదిలాబాద్ వంటి జిల్లా ఆసుపత్రే.

అమెరికాలో ఎకెన్‌హాఫ్, ఆయన సహచరులు 14 వేల మందికి పైగా రోగుల రికార్డులు తిరగేసి 1961లో మత్తు దిగాక వచ్చే ఈ ఉద్రేకం గురించి రాశారు. పెద్దల్లో కంటే పిల్లల్లో ఇది ఎక్కువని వాళ్లు అప్పుడే గుర్తించారు. అది ఇథర్, సైక్లోప్రొపేన్‌ల కాలం. 1990లలో సెవోఫ్లురేన్ వాడుకలోకి వచ్చాక ఈ సమస్య మళ్లీ ముందుకొచ్చింది. సెవోఫ్లురేన్ మంచి మందు. ఘాటు వాసన ఉండదు, గొంతు మండదు, పిల్లవాడు నాలుగైదు ఊపిర్లలో మత్తులోకి వెళ్తాడు, అంతే వేగంగా బయటికి వస్తాడు. ఆ వేగమే ఇక్కడ చిక్కు తెచ్చిందని చాలామంది అనుమానం. మెదడులో కొన్ని భాగాలు ముందు లేచి, ఎక్కడున్నానో పోల్చుకునే భాగాలు వెనకబడితే భయం మేలుకుంటుంది, తెలివి మేలుకోదు. నొప్పి వల్లే ఏడుస్తున్నారనుకోవడం సహజమే, కానీ అది పూర్తి జవాబు కాదు. క్రావెరో బృందం 2000లో ఆపరేషన్ ఏదీ లేకుండా కేవలం ఎంఆర్ఐ స్కానింగ్ కోసం మత్తు ఇచ్చిన పిల్లలను గమనించింది. కత్తి తగలని ఆ పిల్లల్లో కూడా సెవోఫ్లురేన్ తర్వాత కలవరం కనిపించింది, హాలోథేన్ అనే పాత మత్తు మందు తర్వాత కంటే ఎక్కువగా. నొప్పి దీన్ని పెంచుతుంది, అంతే గానీ నొప్పి ఒక్కటే దీనికి మూలం కాదు. మరో కారణం ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. కెయిన్ బృందం 2004లో చూపించింది ఇది: పిల్లవాడి ఆందోళన కొలతలో ప్రతి 10 పాయింట్ల పెరుగుదలకూ, మత్తు దిగాక తీవ్రమైన కలవరం రావడానికి ఉన్న అవకాశం 10 శాతం పెరిగింది. లోపలికి ఏడుస్తూ వెళ్లిన పిల్లవాడు బయటికి కూడా ఏడుస్తూనే రావచ్చన్నమాట.

ఇది ఆదిలాబాద్‌కు ఎందుకు పెద్ద విషయమో అర్థం కావాలంటే ముందు ఈ ప్రాంతంలో వైద్యం ఎలా మారుతోందో చూడాలి. ఆదిలాబాద్ పట్నంలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ, అందరూ రిమ్స్ అనే పెద్దాసుపత్రి, 2008లో వచ్చింది. 2016లో పాత జిల్లా నాలుగు ముక్కలయ్యాక మంచిర్యాలకు 2022లో, నిర్మల్‌కు, ఆసిఫాబాద్‌కు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పాత కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, రామగుండం, కరీంనగర్, సిరిసిల్లల్లోనూ అదే రెండేళ్లలో వచ్చాయి. ఒకప్పుడు గ్రహణం మొర్రికో, వరిబీజానికో, మెల్లకన్నుకో 300 కిలోమీటర్ల దూరం బస్సెక్కి హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి మెట్ల మీద పడిగాపులు కాయాల్సిన కుటుంబానికి పని దగ్గర్లోనే జరిగే అవకాశం పెరుగుతోంది. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను చూసి ఇలాంటి లోపాలను బయటపెడుతోంది. అంటే జిల్లాలోనే మత్తు తీసుకునే పిల్లల సంఖ్య పెరుగుతుంది. కలవరం ఎక్కువగా వచ్చేది రెండు నుంచి ఆరేళ్ల లోపు వాళ్లకు, ముఖ్యంగా చెవి, ముక్కు, గొంతు, కంటి ఆపరేషన్ల తర్వాత. ఇక ఈ నేల మీద మరో సంగతి ఉంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు నుంచి వచ్చే గోండు పిల్లవాడికి ఇంట్లో గోండి, కొలాం పిల్లకు కొలామి, తండా పిల్లలకు లంబాడీ, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో మరాఠీ. సగం మెలకువలో ఉన్న పిల్లవాడి చెవిలో పడే తొలి మాట వాడికి తెలియని భాషలో ఉంటే, ఎంత ప్రేమగా పలికినా అది వాడికి మాట కాదు, చప్పుడు. బుజ్జగింపు భాషను దాటి పనిచేయాల్సిన చోట చేతి స్పర్శకున్న విలువ ఎక్కువ. చెవి గింజ గురించి ఆలోచించడానికి నన్ను ఒప్పించిన మొదటి కారణం ఇదే.

మందులు లేవని కాదు. మత్తు ముగిసే ముందు కొద్దిగా ప్రొపోఫాల్, నొప్పికి ఫెంటానిల్, నిదానపరిచే డెక్స్‌మెడెటోమిడిన్ ఉన్నాయి. మొత్తం మత్తును గ్యాస్ లేకుండా ప్రొపోఫాల్‌తోనే నడిపే పద్ధతీ ఉంది. 2014లో కాక్రేన్ సంస్థ 158 అధ్యయనాలను, 14,045 మంది పిల్లల వివరాలను కలిపి చూసి వీటిలో చాలావాటికి మేలు ఉందని తేల్చింది. కానీ ప్రతి మందుకూ ఒక వెల ఉంది, రూపాయల్లో కాదు, నిమిషాల్లో. కొన్నిటితో పిల్లవాడు ఆలస్యంగా లేస్తాడు, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి మీద ఇంకాస్త కన్నేసి ఉంచాలి. ఒకే మత్తు డాక్టరు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పరుగెత్తే చోట ఆ అదనపు అరగంట ఎవరు కాపలా కాయాలి? అందుకే మందు కాని ఉపాయాలకు జిల్లా ఆసుపత్రిలో ప్రత్యేక విలువ. వాటిలో ఇప్పటికే నిరూపణ అయినదీ ఉంది. 2007లో కెయిన్ బృందం 408 మంది పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను తీసుకుని, ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు నుంచే కుటుంబాన్ని సిద్ధం చేసింది. మాస్కు ఇంటికి పంపి ఆటగా పెట్టుకోనిచ్చింది, పిల్లవాడి మనసు ఎలా మళ్లించాలో పెద్దలకు నేర్పింది. ఆ పిల్లల్లో కలవరం తగ్గింది, నొప్పి మందు తక్కువ పట్టింది, ఇంటికి తొందరగా వెళ్లారు. ఈ ఫలితం పక్కన పెట్టి గింజ గురించి మాట్లాడటం తప్పు. గింజ వీటికి తోడు కావాలి గానీ బదులు కాకూడదు.

ఇప్పుడు చెవి దగ్గరికి వద్దాం. అద్దంలో మీ చెవిని చూసుకోండి. పైన బయటి మడత కింద రెండు గట్లు చీలే చోట ముక్కోణపు చిన్న గుంట ఒకటి కనిపిస్తుంది, చిటికెన వేలి కొన పట్టేంత. చైనా వైద్యులు షెన్‌మెన్, అంటే ఆత్మ ద్వారం, అని పిలిచే స్థానం ఆ గుంటలోనే ఉంది. నల్లగా గుండ్రంగా, రెండు మిల్లీమీటర్ల వ్యాసం ఉండే వక్కేరియా గింజను చదరపు అంటుబిళ్ల మధ్యలో పెట్టి అక్కడ అతికిస్తారు. సూది లేదు, రక్తం లేదు. ఎంతసేపు, ఎంత బలంగా, ఎన్నిసార్లు నొక్కాలన్నదే పద్ధతి. ఇది వేల ఏళ్ల చైనా జ్ఞానమని ప్రచారం ఉంది. అందులో సగమే నిజం. చెవిలో కొన్ని స్థానాలను పాత చైనా గ్రంథాలు చెప్పిన మాట వాస్తవమే అయినా, ఇప్పుడు గోడల మీద వేలాడే చెవి పటం పుట్టింది ఫ్రాన్స్‌లో. లియాన్ నగరంలో పాల్ నోజియే అనే వైద్యుడు 1950ల తొలి ఏళ్లలో కొందరు రోగుల చెవుల మీద కాలిన మచ్చలు గమనించాడు. నడుము నుంచి కాలికి దిగే నొప్పి పోవడానికి వాళ్లు ఒక నాటు వైద్యురాలి దగ్గర చెవికి వాత పెట్టించుకున్నారు. పుట్టిన పసిగుడ్లకు పొట్ట మీద వాతలు వేయడం మాన్పించాలని పోరాడుతున్న మన పల్లెల ఆరోగ్య కార్యకర్తలకు ఆ మచ్చలు ఎంత పరిచితమో చెప్పక్కర్లేదు. నోజియే వాతను వదిలి దాని వెనక తర్కం వెతికాడు. చెవిని కడుపులో తలకిందులుగా ఉన్న బిడ్డలా ఊహించి ఒక్కో అవయవానికి ఒక్కో చోటు గుర్తించి 1957లో ప్రచురించాడు. మరుసటి ఏడాదే అది చైనా చేరి, అక్కడి సంప్రదాయంతో కలిసి, అక్కడి నుంచి లోకానికి ప్రాచీన వైద్యంగా తిరిగొచ్చింది.

తలకిందులు బిడ్డ పటానికి శరీరశాస్త్రంలో ఆధారం దొరకలేదు. దాన్ని నేను సమర్థించను. అయితే పటం తప్పయితే చెవి నొక్కడం వృథా అని తేల్చేయడం తొందరపాటే. చెవికీ మెదడుకూ మధ్య ఒక దారి నిజంగానే ఉంది. పుల్లతో చెవి లోపల తీసుకుంటున్నప్పుడు కొందరికి ఉన్నట్టుండి దగ్గు వస్తుంది. చెవి కాలువ చర్మానికి వేగస్ నరపు కొమ్మ ఒకటి రావడమే కారణం. గుండె వేగాన్ని తగ్గించేది, పొట్టను కదిలించేది, ఒంటిని నిమ్మళపరిచేది కూడా ఆ నరమే. చర్మం మీద ఆ నరపు కొమ్మ బయటపడే చోటు శరీరం మొత్తం మీద చెవే. అక్కడ సన్నని విద్యుత్ ప్రేరణ ఇచ్చి అమెరికాలో మిల్వాకీ వైద్యులు దీర్ఘకాలపు కడుపునొప్పి ఉన్న 115 మంది కౌమార వయసు పిల్లల మీద పరీక్షించారు. ఉత్తుత్తి పరికరంతో పోలిస్తే నొప్పి తగ్గిందని 2017లో ప్రచురించారు. పిల్లలు, చెవి, నొప్పి, పోలిక బృందం అన్నీ ఉన్న అధ్యయనం అది. కానీ ఇక్కడే జాగ్రత్త పడాలి. విద్యుత్ ప్రేరణ వేరు, గింజ ఒత్తిడి వేరు. వేగస్ కొమ్మ బాగా విస్తరించింది చెవి మధ్య దొప్పలో. ముక్కోణపు గుంటలో దానితో పాటు ఇతర నరాల కొసలూ ఉన్నాయి. దారి ఉందని తెలిసినంత మాత్రాన గింజ ఆ దారిలోనే వెళ్లిందని రుజువు కాదు.

మరి పిల్లల మీద నేరుగా ఏం తేలింది? ముందుగా మణికట్టు సంగతి. బోస్టన్‌లో యువాన్ చీ లిన్ బృందం 2009లో చెవిలో గొట్టాలు వేయించుకునే 60 మంది పిల్లలకు మత్తులో ఉన్నప్పుడే చేతి మీది రెండు స్థానాల్లో ఆక్యుపంక్చర్ చేసి, నొప్పి, కలవరం తగ్గాయని రాసింది. 2012లో టర్కీ వైద్యులు మణికట్టు మడత మీద మిరప సారం పట్టీ అంటించి కలవరం తగ్గిందన్నారు. ఆ మణికట్టు స్థానం పేరు కూడా షెన్‌మెన్! ఒకే పేరు, రెండు వేర్వేరు చోట్లు. మణికట్టు షెన్‌మెన్ మీద వచ్చిన ఫలితాన్ని చెవి షెన్‌మెన్ ఖాతాలో వేసి చెప్పే వ్యాసాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఇక చెవి గింజలతోనే పిల్లల కలవరం తగ్గిందని చెప్పే పరిశోధనలు ప్రధానంగా చైనా ఆసుపత్రుల నుంచి వస్తున్నాయి. నాకు వీటన్నిటి కంటే ఆలోచన రేపిన అధ్యయనం ఇంకొకటి. 2004లో అమెరికాలోని యేల్‌లో వాంగ్, కెయిన్ బృందం 67 మంది తల్లుల చెవులకు ఆక్యుపంక్చర్ చేసింది. పిల్లలకు కాదు, తల్లులకు. సరైన స్థానాల్లో చికిత్స పొందిన తల్లుల ఆందోళన తగ్గింది. వాళ్ల వెంట థియేటర్‌లోకి వెళ్లిన పిల్లలు కూడా మాస్కు పెట్టేటప్పుడు తక్కువ భయపడ్డారు. తల్లి గుండె దడ పిల్లవాడికి తెలుస్తుందని మన ఇళ్లలో అందరూ అనే మాటే అది, కొలిచి చూపించారు. గింజ ఉండాల్సిన చోటు పిల్లవాడి చెవి కాదేమో, కమ్మలో గంటీలో పెట్టుకున్న అమ్మ చెవేమో అన్న ప్రశ్న అప్పటి నుంచి తెరిచే ఉంది.

శంకించేవారి వాదన బలమైనదే, దాన్ని పూర్తిగా వినాలి. నొప్పి శాస్త్రంలో పెద్ద పేరున్న మెల్జాక్, కాట్జ్ 1984లో దీర్ఘకాలపు నొప్పి ఉన్న 36 మందికి చెవి చికిత్స చేశారు, ఒకసారి పటం చెప్పిన స్థానంలో, ఒకసారి సంబంధం లేని చోట. తేడా రాలేదు. వికర్స్, ఆయన సహచరులు 1998లో ఇంకా ఇబ్బందికరమైన విషయం చూపించారు. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ ప్రయోగాలు వాళ్లు పరిశీలించిన వాటిలో ఒక్కటీ విఫలం కాలేదు. ప్రతి పరీక్షలోనూ నూటికి నూరు వస్తున్న బడిలో పిల్లలంతా మేధావులని కాదు, పేపరు దిద్దే తీరు చూడాలని అర్థం. అంగీకరిస్తాను. కానీ ఇదే కుటుంబానికి చెందిన మరో పద్ధతి కఠిన పరీక్షలో నిలిచింది. మణికట్టు లోపలి వైపు ఉండే పీ6 స్థానాన్ని ప్రేరేపిస్తే ఆపరేషన్ తర్వాత వాంతులు తగ్గుతాయా అన్న ప్రశ్న మీద 2015 నాటి కాక్రేన్ సమీక్ష 59 ప్రయోగాలను, 7,667 మందిని చూసింది. ఉత్తుత్తి చికిత్స కంటే మేలని తేలింది, వాంతులు ఆపే మందులతో పోలిస్తే పెద్ద తేడా కనిపించలేదు. అక్కడ ఫలితం వచ్చింది, దీర్ఘకాలపు నొప్పిలో రాలేదు. కాబట్టి మొత్తం పద్ధతిని కొనడమో, మొత్తం పారేయడమో కాదు, ఏ స్థానం, ఏ బాధ, ఏ వయసు అని విడివిడిగా అడగాలి.

విడిగా అడిగితే చాలదు, సరిపడా మందిని అడగాలి. చిన్న లెక్క చూడండి. వంద మంది పిల్లల్లో 40 మందికి కలవరం వస్తుందనుకుందాం, గింజ దాన్ని సగానికి, 20కి తెస్తుందనుకుందాం. 20 మందికి గింజ, 20 మందికి ఉత్తి బిళ్ల అంటించి చూస్తే 4 మందికి, 8 మందికి కలవరం కనిపిస్తుంది. చూడటానికి సగమే. కానీ గింజకు ఏ శక్తీ లేకపోయినా, అంత తేడా అటో ఇటో నాలుగైదు సార్లలో ఒకసారి కేవలం యాదృచ్ఛికంగా వస్తుంది. అనుమానం తీరాలంటే ఒక్కో బృందంలో 80 మందికి పైగా కావాలి. చాలా ప్రయోగాలు ఆ సంఖ్యను చేరవు. చేరాలంటే కోటి రూపాయల యంత్రం అక్కర్లేదు, ఓపిక, నిజాయితీ, పిల్లల ఆపరేషన్లు జరిగే థియేటర్ కావాలి. పైగా ఈ ప్రశ్నకు అరుదైన సౌలభ్యం ఒకటి ఉంది. బిళ్ల అంటించేది పిల్లవాడు మత్తులోకి వెళ్లాక. తనకు గింజ పడిందో ఉత్తి బిళ్ల పడిందో వాడికి తెలియదు, ఊహించుకునే అవకాశమే లేదు. తలకు టోపీ తొడిగి చెవులు కప్పితే రికవరీ గదిలో నర్సుకూ తెలియదు, తల్లికీ తెలియదు. పెద్దల ఆక్యుపంక్చర్ ప్రయోగాలను వెంటాడే నమ్మకపు ప్రభావం అనే సమస్య ఇక్కడ చాలావరకు దూరమవుతుంది. కొలమానం కూడా సిద్ధంగా ఉంది. టొరంటోలో సికిచ్, లెర్మన్ 2004లో రూపొందించిన పేడ్ కొలతలో ఐదు ప్రశ్నలే: పిల్లవాడు కళ్లలోకి చూస్తున్నాడా, చేతలకు ఉద్దేశం ఉందా, చుట్టూ ఏముందో తెలుస్తోందా, కుదురు లేకుండా ఉన్నాడా, ఊరుకోబెడితే ఊరుకుంటున్నాడా. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 20. శిక్షణ పొందిన నర్సు రెండు నిమిషాల్లో వేస్తుంది. ఆదిలాబాద్‌లో ఒక్క షరతు కలపాలి. చివరి ప్రశ్నకు మార్కు వేసే ముందు పిల్లవాడిని వాడి భాషలోనే ఊరుకోబెట్టి చూడాలి. లేకపోతే కొలిచేది కలవరాన్ని కాదు, మన తెలుగును.

మారుమూల జిల్లాకు పరిశోధన ఎందుకు, హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో చేస్తారు కదా అనేవాళ్లు ఉంటారు. ఒకప్పుడు మత్తు గురించి ప్రపంచం మొత్తం జవాబు కోసం ఎదురుచూసింది, ఆదిలాబాద్ కూడా భాగమైన నిజాం రాజ్యం వైపే. క్లోరోఫాం తీసుకున్నవాళ్లు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారు, ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ నాయకత్వంలో 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. దాని తీర్పును లండన్ లాన్సెట్ పత్రిక ఒప్పుకోకపోతే, మీ మనిషినే పంపండని నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి రెండో కమిషన్‌లో పాల్గొన్నారు. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ఊపిరే ముందు ఆగుతుంది, దాన్ని గమనిస్తే చాలు, గుండె గురించి బెంగ అక్కర్లేదని తేల్చారు. ఊపిరి మీద కన్నేయమన్న సలహా మంచిదే. రెండో సగం మాత్రం తప్పయింది. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు ప్రమాదం బయటపడింది. లోతైన మత్తులో కాదు, పైపై మత్తులో, భయంతోనో ఉద్రేకంతోనో అడ్రినలిన్ ఎగిసిన క్షణంలో గుండె లయ తప్పి ఆగుతోంది. హైదరాబాద్ వాళ్లు నిజాయితీగా, శ్రమపడి, ఖర్చుపెట్టి పనిచేశారు. అయితే వాళ్లు ఎక్కువగా చూసింది మందు మోతాదు మించినప్పుడు ఏమవుతుందో. మనుషులు చనిపోతున్నది వేరే పరిస్థితిలో. ప్రయోగం గది పరిస్థితికి, రోగి పరిస్థితికి ఉన్న ఆ ఎడం వాళ్లను దెబ్బతీసింది. చెవి గింజ విషయంలో మనకు ఎదురయ్యే ప్రమాదం కూడా అదే. షాంఘైలో ఇంటిభాష మాట్లాడే నర్సుల మధ్య లేచిన పిల్లవాడి మీద వచ్చిన ఫలితం, పొద్దున్నే నార్నూరు నుంచి ఆటోలో వచ్చి, ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా వరుసలో కూర్చున్న పిల్లవాడికి వర్తిస్తుందని ఎలా అనుకోవాలి? అక్కడ పనిచేయనిది ఇక్కడ పనిచేయవచ్చు, అక్కడ పనిచేసింది ఇక్కడ కొట్టుకుపోవచ్చు.

ఇంకో వైపు నుంచి వచ్చే మాట కూడా ఉంది: ఇవన్నీ మనవాళ్లకు ముందే తెలుసు, చెవులు కుట్టించడం, గుంజీలు తీయించడం అందుకే అని. సుశ్రుత సంహిత బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో చెవులు కుట్టమన్నది నిజం. అక్కడ చెప్పిన కారణాలు రక్ష, అలంకారం. మత్తు దిగే కలవరం ఆ గ్రంథకర్తల ప్రశ్న కాదు, వాళ్ల నోట మనం పెట్టకూడదు. అలా పెట్టడం సుశ్రుతుడికి గౌరవం కాదు. ఆయన కత్తి పట్టే ముందు పుచ్చకాయ మీద, దోసకాయ మీద సాధన చేయమన్న మనిషి, పరీక్ష లేకుండా పనిలోకి దిగనివ్వని మనిషి. ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది. చవకైన ఉపాయం దొరికిందంటే ఖరీదైన అవసరం వెనక్కి పోతుంది. మత్తు డాక్టర్ల పోస్టులు, రికవరీ గదిలో పిల్లలకని ప్రత్యేక నర్సు, సరిపడా నొప్పి మందు, తల్లిని తలుపు బయట ఆపకుండా లోపలికి రానిచ్చే ఏర్పాటు, గోండి తెలిసిన సహాయకురాలు, ఇవన్నీ అడగాల్సినవాళ్లు గింజ చూపించి ఊరుకుంటే, ఆ గింజ పనిచేసినా పిల్లలకు నష్టమే. దీనికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ప్రయోగంలో రెండు బృందాలకూ నొప్పి మందు, అమ్మ, అమ్మ భాష ముందుగా అందాలి. గింజ ఆ తర్వాత వచ్చే మెట్టు. అవి లేని చోట గింజను పరీక్షిస్తే వచ్చే ఫలితానికి కూడా అర్థం ఉండదు, ఎందుకంటే అప్పుడు మనం చూసేది నొప్పితో ఏడ్చే పిల్లవాడిని, కలవరంలో ఉన్నవాడిని కాదు.

పద్ధతి మొదటి రోజు నుంచే కాగితం మీద ఉండాలి. భారత క్లినికల్ ప్రయోగాల రిజిస్ట్రీలో, తొలి పిల్లవాడు చేరకముందే, ఏం కొలుస్తామో రాసి పెట్టాలి. ఫలితం చూశాక ప్రశ్న మార్చుకునే వీలు అప్పుడు ఉండదు. కళాశాల నైతిక సంఘం అనుమతి, తల్లిదండ్రులకు వాళ్లకు వచ్చిన భాషలో వివరణ, కాదన్నవాళ్లకు అదే వైద్యం. మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ కలిసి వస్తే 160 మందికి పైగా పిల్లలు పెద్ద సంఖ్య కాదు. గింజ పనిచేయదని తేలినా అచ్చు వేయాలి; అలాంటి ఫలితాలు అచ్చు కాకపోవడం వల్లే వికర్స్ చూపించిన వింత పుట్టి ఉండవచ్చు. హాని లేదనే మాటను కూడా అలవాటుగా అనకూడదు. అంటుబిళ్ల కింద చర్మం ఎర్రబడవచ్చు. అంతకంటే ముఖ్యం, మూడేళ్ల పిల్లల చేతికి చిన్న గుండ్రటి వస్తువు దొరికితే అది ముక్కులోకో చెవిలోకో నోట్లోకో పోతుంది. ముక్కులో చింతగింజ ఇరుక్కుని వచ్చే పిల్లలను చూడని చెవి ముక్కు గొంతు విభాగం మన వైపు లేదు. ఆపరేషన్ ముగిశాక గుడ్డముక్కలు లెక్కపెట్టే అలవాటు థియేటర్ నర్సులకు ఎలాగూ ఉంది. ఆ చీటీలోనే ఇంకో గడి గీయాలి: ఎడమ చెవికి ఎన్ని, కుడి చెవికి ఎన్ని. పిల్లవాడు వార్డుకు వెళ్లే ముందు టోపీ తీసి, బిళ్లలు ఒక్కొక్కటీ ఊడదీసి, స్టీలు గిన్నెలో వేసి లెక్క సరిపోయిందని సంతకం పెట్టాకే మంచం కదలాలి.